చలికాలంలో కేదార్‌కంఠ ట్రెక్కు: గుంపుగా ఎలా వెళ్లాలి, మంచులో రాత్రి ఎలా గడపాలి

డిసెంబరు వస్తే చాలు, హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి స్నేహితులు, ఆఫీసు జట్లు, అన్నదమ్ముల పిల్లలు అంతా కలిసి ఉత్తరాఖండ్ బాట పడుతున్నారు. మంచు మీద మొదటిసారి నడవాలనుకునే వాళ్లలో ఎక్కువమంది ఎంచుకునేది కేదార్‌కంఠ. ఎత్తు 12,500 అడుగులు, అంటే దాదాపు 3,800 మీటర్లు. డిసెంబరు నుంచి మార్చి దాకా మంచు ఉంటుంది. దారి తెలిసిన గైడ్లు, సామాను మోసే గుర్రాలు, వంటవాళ్లు కింది ఊళ్లోనే దొరుకుతారు. మొదటి మంచు ట్రెక్కుకు ఇది సరైన కొండ అనే నేనూ చెబుతాను. అయితే "సులువైన ట్రెక్కు" అన్న మాట విని తేలిగ్గా తీసుకోవద్దు.

మంచులో చలి ముందుగా పట్టుకునేది ఇద్దరిని: తడిసినవాళ్లను, వెనకబడినవాళ్లను. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నీ ఒంటిమీద తడి లేకుండా చూసుకోవడానికి, గుంపులో ఎవరూ ఒంటరి కాకుండా చూసుకోవడానికే. 2024 జూన్‌లో ఉత్తరకాశీ ప్రాంతంలోని సహస్రతాల్ దారిలో వాతావరణం ఒక్కసారిగా తిరగబడి, కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో తొమ్మిది మంది చనిపోయారు. అదీ జూన్ నెలలో. కాబట్టి జనవరిలో వెళ్లేవాళ్లు ఇంకెంత సిద్ధంగా ఉండాలో ఆలోచించండి.

ముందు గుంపును కుదుర్చుకోండి

ఎనిమిది నుంచి పన్నెండు మంది వరకు బాగుంటుంది. అంతకు మించితే ముందున్నవాళ్లకు వెనకవాళ్లు కనబడరు. నలుగురైదుగురే అయితే ఒకరికి బాగాలేక కిందికి దిగాల్సి వచ్చినప్పుడు తోడు పంపడానికి మనుషులు చాలరు.

టికెట్లు కొనేముందే ఒకరోజు అందరూ కూర్చోండి. ఆస్తమా, బీపీ, షుగరు, గుండె సమస్య, మూర్ఛ, ఇంతకుముందు మోకాలికి తగిలిన దెబ్బ, ఏది ఉన్నా దాచకుండా చెప్పుకోవాలి. పదిమందిలో చెప్పడానికి ఇబ్బందైతే నాయకుడికి ఒక్కడికే చెప్పినా సరే. ఇలాంటివి ఉన్నవాళ్లు డాక్టరు సరేనన్నాకే బయలుదేరాలి. రోజూ వాడే మందులు రెండు చోట్ల, రెండు సంచుల్లో ఉంచుకోవాలి.

ఆరోజే మూడు విషయాలు తేల్చుకోండి. ఒకటి, గుంపుకు నాయకుడు ఎవరు? స్థానిక గైడు ఉన్నా మీలో ఒకరు బాధ్యత తీసుకోవాలి. రెండు, అందరికన్నా చివర నడిచేది ఎవరు? ఇది బలహీనుడి చోటు కాదు. గుంపులో బాగా దమ్మున్న మనిషి, ఓపికగల మనిషి అక్కడ ఉండాలి. ఈల, మందుల పెట్టె అతని దగ్గరే ఉండాలి. మూడు, వెనక్కి తిరగమని గైడు అంటే మారుమాట్లాడకుండా తిరుగుతామని అందరూ ఒప్పుకోవాలి. పైకి వెళ్లాక, శిఖరం కళ్లముందు కనబడుతుండగా ఈ మాట అనుకోవడం కుదరదు. ఇంట్లో కూర్చున్నప్పుడే అనుకోవాలి.

తర్వాత జతలు కట్టండి. ప్రతి ఒక్కరికీ ఒక జతగాడో జతగత్తో ఉండాలి. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, తిన్నారా తాగారా అని అడగడం, రాత్రి ఒకే గుడారంలో పడుకోవడం, అన్నీ ఆ జతలోనే.

రెండు నెలల ముందు నుంచి ఒంటిని అలవాటు చేయండి

ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు. ట్రెక్కు మొదలయ్యే సాంక్రీ ఊరే అంతకన్నా ఎత్తులో, దాదాపు 1,950 మీటర్ల దగ్గర ఉంటుంది. శిఖరం మీద గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానికి మూడింట రెండు వంతుల లోపే. కాబట్టి ఇక్కడ మెట్లెక్కినంత సులువుగా అక్కడ ఎక్కలేం. కానీ ఆ మెట్లే మనకున్న మంచి కసరత్తు.

తిరుపతి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు అలిపిరి మెట్ల దారిని మించిన శిక్షణ లేదు. 3,550 మెట్లు. వీపున ఐదారు కిలోల సంచి వేసుకుని, మాట్లాడుకుంటూ ఎక్కగలిగే వేగంతో ఎక్కండి. హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి అడవి దారులు, భువనగిరి కోట ఉన్నాయి. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ భువనగిరి రాతి మీదే జరిగింది. ఇవేవీ దగ్గర్లో లేకపోతే అపార్టుమెంటు మెట్లు చాలు. లిఫ్టు వదిలేయండి, బరువు మోస్తూ ఎక్కండి, దిగండి. దిగడం కూడా సాధన చేయాలి, మోకాళ్లు నొప్పెట్టేది అక్కడే.

బయలుదేరే నాటికి 5 కిలోమీటర్లు ఆగకుండా 40 నిమిషాల లోపు పరుగూ నడకా కలిపి వెళ్లగలగాలి. వారానికి నాలుగు రోజులు సాధన చేస్తే వస్తుంది.

చలి సాధనకు మనకు లంబసింగి ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ ఊళ్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. ట్రెక్కుకు ముందు గుంపంతా అక్కడ ఒక రాత్రి గుడారంలో పడుకుంటే ఏ బట్ట పనికొస్తుందో, ఎవరి స్లీపింగ్ బ్యాగ్ జిప్పు పాడైందో అక్కడే తెలిసిపోతుంది. కొండ మీద తెలియడం కన్నా అది మేలు.

బట్టలు: కాటన్ ఇంట్లోనే వదిలేయండి

మనం పుట్టినప్పటి నుంచి కాటనే మంచిదని విన్నాం. మన ఎండలకు అది నిజం. మంచులో మాత్రం కాటన్ చెమటను పీల్చుకుని తడిగా ఒంటికి అతుక్కుంటుంది, త్వరగా ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. జీన్సు ఇంకా ప్రమాదం. కాబట్టి కాటన్ బనియన్, కాటన్ సాక్సు, జీన్సు ప్యాంటు, ఏదీ వద్దు.

ఒక్క మందపాటి కోటు కన్నా మూడు నాలుగు పలచటి పొరలు మేలు. ఒంటికి తగిలే పొర పాలిస్టరు లేదా మెరినో ఉన్నిది, చెమటను బయటికి పంపేది. దానిమీద ఫ్లీస్, అంటే మెత్తటి నూగు గుడ్డ జాకెట్టు. దానిమీద మెత్తటి పక్షి ఈకలు నింపిన డౌన్ జాకెట్టు లేదా దూది నింపినట్టుండే ప్యాడెడ్ జాకెట్టు. అన్నిటికన్నా పైన గాలినీ మంచునూ ఆపే పలచటి షెల్ జాకెట్టు. నడిచేటప్పుడు ఒకటో రెండో పొరలు సరిపోతాయి, ఆగినప్పుడు మిగతావి వేసుకోవాలి. పొరలుగా తెచ్చుకోవడంలో ఉన్న సౌకర్యం ఇదే.

చేతులకు రెండు జతల గ్లవ్స్ కావాలి, లోపల పలచనివి, బయట నీళ్లు దూరనివి. సాక్సులు నాలుగైదు జతలు, అందులో ఒక ఉన్ని జత పడుకోవడానికే. దానితో ఒక్క అడుగు కూడా బయట వేయకూడదు. మంకీ క్యాపు తెచ్చుకోండి, ఎవరేమనుకున్నా సరే, చెవులకూ మెడకూ అంత బాగా పనిచేసేది ఇంకొకటి లేదు. మంచు మీద పడిన ఎండ కళ్లను కాల్చేస్తుంది కాబట్టి అతినీలలోహిత కిరణాలను ఆపే నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. అద్దాలు లేకుండా తిరిగితే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుడుతుంది.

బూట్లు చీలమండ దాకా ఉండాలి, నీళ్లు దూరకూడదు, ఒక సైజు పెద్దవైతే మంచిది. వేళ్లు కదలకుండా బిగుసుకున్న బూటులో రక్తం ఆడదు, కాలు కొయ్యబారుతుంది. కొత్త బూట్లు వేసుకుని నేరుగా కొండకు రావద్దు. కనీసం నెల రోజులు వాటితో నడిచి ఉండాలి. బూటు అడుగున తగిలించే మైక్రోస్పైక్స్, మంచు లోపలికి పోకుండా కట్టే గెయిటర్లు, నడక కర్రలు, స్లీపింగ్ బ్యాగులు సాంక్రీలో అద్దెకు దొరుకుతాయి. కొనక్కర్లేదు. హెడ్ టార్చ్ మాత్రం సొంతది తెచ్చుకోండి, లిథియం బ్యాటరీలతో. మామూలు బ్యాటరీలు చలికి త్వరగా నీరసపడతాయి.

సంచి లోపల ప్రతి బట్టనూ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టండి. రెయిన్ కవరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

తిండి విషయంలో మనవాళ్లకు బెంగ ఎక్కువ. క్యాంపుల్లో పప్పు, అన్నం, రొట్టె, కూర వేడివేడిగా పెడతారు. దారిలో నమలడానికి పల్లీ పట్టీ, నువ్వుండలు, జీడిపప్పు, ఖర్జూరం పట్టుకెళ్లండి. కొద్దిగా ఆవకాయ కూడా. ఎత్తుకు వెళ్లాక నోరు చప్పబడి అన్నం సహించనప్పుడు ఆ కారం నాలుగు ముద్దలు తినిపిస్తుంది.

సాంక్రీ చేరడం

డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాదాపు 200 కిలోమీటర్లు. ముస్సోరీ, నౌగావ్, పురోలా, మోరీ మీదుగా ఎనిమిది నుంచి పది గంటల కొండదారి. తెల్లవారుజామునే బయలుదేరి వెలుతురు ఉండగానే చేరుకోవాలి. వాంతులయ్యే అలవాటున్నవాళ్లు ముందే మాత్ర వేసుకోండి. నగదు డెహ్రాడూన్‌లోనే తీసుకోండి. ఆ ప్రాంతం గోవింద్ పశు విహార్ అనే వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోకి వస్తుంది, అటవీ శాఖ అనుమతి కావాలి, కాబట్టి గుర్తింపు కార్డు నకళ్లు అందరి దగ్గరా ఉండాలి. సాంక్రీ దాటాక ఫోను సిగ్నల్ మీద ఆధారపడకూడదు. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి, "మూడు నాలుగు రోజులు ఫోను కలవదు, కంగారు పడకండి" అని. గైడు నంబరు, తిరిగొచ్చే తేదీ రాసి ఇవ్వండి.

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉన్న వారంలో మాత్రం వెళ్లకండి. శిఖరం దారిలో వరుస కట్టి నిలబడాల్సి వస్తుంది. మంచులో కదలకుండా నిలబడటం అన్నిటికన్నా ప్రమాదం. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచూ బాగుంటుంది, జనమూ తగ్గుతారు.

నడక

మొదటి రోజు సాంక్రీ నుంచి జూడా కా తాలాబ్ అనే చెరువు దాకా దాదాపు నాలుగు కిలోమీటర్లు, దేవదారు, పైన్ చెట్ల మధ్య నుంచి. రెండో రోజు బేస్ క్యాంపు, సుమారు 11,000 అడుగులు. దూరాలు చూసి ఇంతేనా అనిపిస్తుంది. త్వరగా చేరాలని పరిగెత్తకండి.

మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. వెచ్చగా ఉండగా మొదలుపెడితే పది నిమిషాల్లో చెమట పడుతుంది. చెమట పట్టబోతోందని తెలియగానే ఆగి ఒక పొర తీసేయండి. పట్టాక తీస్తే లాభం లేదు, లోపలి పొర అప్పటికే తడిసిపోయి ఉంటుంది. ఆగిన ప్రతిసారీ ముందు జాకెట్టు వేసుకోండి, తర్వాతే నీళ్లూ ఫొటోలూ.

గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని గైడు వెనకాలే, రెండో స్థానంలో పెట్టండి. అప్పుడు గుంపంతా ఆ వేగంతోనే నడుస్తుంది, ఎవరూ వెనకబడరు. చాలామంది చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బలమైనవాళ్లు ముందు దూసుకుపోయి చెట్టుకింద కూర్చుని ఎదురుచూస్తారు. వెనకవాళ్లు ఆయాసపడుతూ అక్కడికి చేరేసరికి ముందువాళ్లు లేచి నడక మొదలుపెడతారు. విశ్రాంతి అవసరమైన మనిషికి విశ్రాంతే దొరకదు. ముందువాళ్లకేమో అప్పటికే చలి ఎక్కి ఉంటుంది.

చలిలో దాహం తెలియదు. అయినా రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే తాగింది చాలలేదని అర్థం. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి, అందుకే బాటిల్‌ను తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర గడ్డకట్టదు. గొట్టంతో పీల్చే నీటి సంచులు ఈ చలికి పనికిరావు, గొట్టం గడ్డకట్టుకుపోతుంది.

జూడా కా తాలాబ్ గడ్డకట్టి తెల్లటి మైదానంలా కనబడుతుంది. ఫొటోల కోసం దానిమీదికి నడిచేవాళ్లు ప్రతిసారీ కనబడతారు. మీ గుంపులో ఎవరినీ వెళ్లనివ్వకండి. మంచు పలక ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో పైనుంచి చూస్తే తెలియదు.

క్యాంపు చేరిన మొదటి అరగంట

రాత్రి ఎలా గడుస్తుందో నిర్ణయించేది ఈ అరగంటే. చేరగానే ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఎండ కూడా ఉంటుంది, అందుకే అందరూ బట్టలు మార్చుకోవడం వాయిదా వేస్తారు. సూర్యుడు కొండ వెనక్కి దిగగానే, నిమిషాల్లో ఒళ్లు కొంకర్లు పోవడం మొదలవుతుంది. కాబట్టి చేరగానే గుడారంలోకి వెళ్లి, లోపలి పొర నుంచి సాక్సు దాకా అన్నీ పొడివి మార్చుకోండి. నాయకుడు ప్రతి గుడారం దగ్గరికీ వెళ్లి, "మార్చుకున్నారా అక్కా, మార్చుకున్నావా తమ్ముడూ" అని అడగాలి. సిగ్గుపడే విషయం కాదిది.

మీ గుడారాలు మీరే వేసుకుంటుంటే లోయ అడుగున వేయకండి, చల్లగాలి బరువుగా కిందికి జారి అక్కడే నిలుస్తుంది. మంచు బరువుతో వంగిన కొమ్మల కింద కూడా వద్దు. వేసే చోట మంచును బూట్లతో తొక్కి చదును చేసి, అది గట్టిపడే దాకా కాసేపు ఆగండి. మేకులు మెత్తటి మంచులో నిలవవు. సంచుల్లో మంచు నింపి తాడు కట్టి పాతిపెడితే గడ్డకట్టి బలంగా పట్టుకుంటాయి. గుమ్మం గాలికి ఎదురుగా ఉండకూడదు.

గుడారం కిటికీ కొంచెం తెరిచే ఉంచండి. చలి వస్తుందని పూర్తిగా మూసేస్తే మన ఊపిరిలోని తేమ లోపలి గుడ్డకు పట్టి గడ్డకడుతుంది. తెల్లవారి లేచి మోచేయి తగిలించగానే అది పొడిలా రాలి ముఖం మీదా స్లీపింగ్ బ్యాగ్ మీదా పడి కరిగి, అన్నీ తడుపుతుంది.

గుడారంలో స్టవ్, కుంపటి, బొగ్గులు, కొవ్వొత్తి ఏవీ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క విషయంలో ఎవరు బతిమాలినా వినకండి.

రాత్రి

బేస్ క్యాంపులో జనవరి రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీలు దిగువకు కూడా పోతుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు అంకెలు రాసి ఉంటాయి. హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత ఒకటి, ఎలాగో తట్టుకోగల ఉష్ణోగ్రత ఇంకొకటి. మీరు చూడాల్సింది మొదటిది. పైన కప్పుకునే దానికన్నా కింద పరుచుకునే చాప ముఖ్యం, ఎందుకంటే మన బరువుకు బ్యాగ్ కింది భాగం అణిగిపోయి నేల చలిని ఆపలేదు. ఒకదానిమీద ఒకటి రెండు ఫోమ్ చాపలు వేయండి.

పడుకునేముందు ఏదైనా కొవ్వున్న తిండి తినండి, గుప్పెడు జీడిపప్పైనా చాలు. మూత్రానికి వెళ్లి రండి. రాత్రి మళ్లీ వస్తే బద్ధకించకుండా లేవండి, బిగపట్టుకుంటే నిద్రా రాదు, చలీ తగ్గదు. వంటగుడారంలో వేడినీళ్లు అడిగి గట్టి మూత ఉన్న బాటిల్‌లో పోయించి, బాటిల్‌ను సాక్సులో దూర్చి తొడల మధ్య పెట్టుకోండి. రెండు మూడు గంటలు వెచ్చగా ఉంటుంది, తెల్లవారి తాగడానికి గడ్డకట్టని నీళ్లూ ఉంటాయి. బ్యాగ్‌లో దూరేముందు కాసేపు గుంజీలు తీయండి. బ్యాగ్ వేడిని పుట్టించదు, మీ ఒంటి వేడినే పట్టి ఉంచుతుంది, చల్లబడ్డ ఒంటితో దూరితే చల్లగానే ఉంటుంది.

ముఖం బయటే ఉంచండి. బ్యాగ్ లోపల ఊపిరి వదిలితే లోపల తేమ చేరుతుంది. ఫోను, పవర్ బ్యాంకు, రేపటి గ్లవ్స్, బూట్లలోని అట్టలు, ఇవన్నీ బ్యాగ్ లోపల పెట్టుకోండి. బూట్లను కవరులో పెట్టి ఇద్దరి మధ్యా ఉంచుకోండి. బయట వదిలిన బూటు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోయి కాలు దూరదు.

మందు తెచ్చుకునేవాళ్లుంటారు. తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పై వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది. గుంపు నియమంగానే దాన్ని వద్దనుకోండి.

శిఖరం రోజు

అర్ధరాత్రి దాటాక రెండు మూడు గంటలకు లేస్తారు. ఆకలి ఉండదు, అయినా ఏదైనా వేడిగా తాగి నాలుగు ముద్దలు తిని బయలుదేరాలి. ఏ సమయానికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలో ముందురోజు రాత్రే గైడుతో మాట్లాడి అందరికీ చెప్పండి. ఎండెక్కాక మంచు మెత్తబడి దిగడం కష్టమవుతుంది. ఒకరు దిగిపోవాల్సి వస్తే వాళ్లతో పాటు మరొకరు, గైడ్లలో ఒకరు కచ్చితంగా దిగాలి. ఒంటరిగా ఎవరినీ "నువ్వు మెల్లగా క్యాంపుకు పో" అని పంపవద్దు.

పైన వాతావరణం తేటగా ఉంటే స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ శిఖరాలు ఎదురుగా నిలబడతాయి. తనివితీరా చూడండి. కానీ గ్లవ్స్ తీసి ఫొటోలు తీసే ముచ్చట ఒకటి రెండు నిమిషాలు దాటనివ్వకండి.

ఏది కనబడితే ఆగాలి

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఆకలి చచ్చిపోవడం, ఇవి ఎత్తు వల్ల వచ్చే జబ్బు మొదటి గుర్తులు. ఇవి ఉన్నప్పుడు ఇంకా పైకి వెళ్లకూడదు. విశ్రాంతితో తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు, నడక తూలడం, మాట తడబడటం కనబడితే రాత్రైనా సరే వెంటనే కిందికి దింపాలి. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర గురించి బయలుదేరేముందే డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. మాత్ర వేసుకున్నాం కదా అని ఎక్కుతూ పోకూడదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఆక్సీమీటరుతో చూసేటప్పుడు వేలు వెచ్చబడ్డాకే పెట్టండి, చల్లటి వేలు తప్పు అంకె చూపిస్తుంది.

చలి దెబ్బ తగిలిన మనిషి మొదట గజగజ వణుకుతాడు. తర్వాత జిప్పు పెట్టుకోలేకపోతాడు, మాట ముద్దగా వస్తుంది, చిరాకుపడతాడు, పక్కన కూర్చుండిపోతాడు. వణుకు ఆగిపోయి మనిషి మందకొడిగా ఉంటే తగ్గిందనుకోకండి, ముదిరిందని అర్థం. "నాకేం కాలేదు" అని ఆ మనిషి చెప్పే మాటను నమ్మకండి. గాలి తగలని చోటికి తీసుకెళ్లి, తడి బట్టలు తీసి, కింద చాపలు వేసి, పొడి స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టండి. వేడినీళ్ల బాటిళ్లను గుడ్డలో చుట్టి చంకల దగ్గర, ఛాతీ మీద పెట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే తీపి టీ కొద్దికొద్దిగా పట్టండి. చేతులూ కాళ్లూ రుద్దకండి.

ముక్కు, చెవులు, బుగ్గలు, వేళ్లు తెల్లగా మైనంలా మారి స్పర్శ పోతే అది మంచు కాటు. రుద్దకూడదు, మంటకు కాచకూడదు, మంచు రాయకూడదు. చేతివేళ్లయితే చంకలో పెట్టుకుని వెచ్చబరిచి, ఆలస్యం చేయకుండా దిగండి. జతగాళ్లు గంటకోసారైనా ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలన్నది ఇందుకే, మన ముక్కు తెల్లబడటం మనకు కనబడదు.

దిగి వచ్చేటప్పుడు

దిగేటప్పుడు మడమ ముందు దించి, మోకాలు కొంచెం వంచి నడవండి. కాళ్లు పట్టు తప్పేది, కింద పడేది ఎక్కువగా ఈ రోజే. చాక్లెట్ కాగితాలు, తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు, అన్నీ ఒక కవరులో కట్టి కిందికి తెచ్చేయండి. మంచులో కప్పెడితే మంచు కరిగాక అన్నీ పైకి తేలి, సాంక్రీ వాళ్లు తాగే నీళ్లలోకే చేరతాయి.

సాంక్రీ నుంచి డెహ్రాడూన్ చేరే రోజు రాత్రికే రైలో విమానమో బుక్ చేసుకోకండి. మంచు పడి దారి మూసుకుపోవడం, కొండచరియలు విరిగిపడటం అక్కడ మామూలే. ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే డ్రైవరును తొందరపెట్టే పని ఉండదు.